తాళం లేని జీవజలం

ఖమ్మం జైలు,
జూలై 9, 2025.

సంకెళ్లు చేతులకే గాని నోటికి పడని యేసుదానం, అక్క విశ్రాంతమ్మకూ, కాలిన పాక బూడిద మీద చాపలు పరుచుకుని ప్రార్థించే సంఘమంతటికీ రాస్తున్నది. మీకు కృప, మన శత్రువుకు అగ్ని.

అక్కా, ఈ ఉత్తరాన్ని ఆదివారం అందరి ముందూ నిలబడి చదువు. అపొస్తలుడు చెరసాలలోంచి రాసినవాటిని సంఘాలు అట్లాగే చదువుకున్నాయి. నేను అపొస్తలుణ్ని కాను. ఖమ్మం మిర్చి యార్డులో బస్తాలు మోసినవాణ్ని, అక్షరాలు కూడా వాక్యంలోంచే ఒక్కొక్కటీ ఏరుకున్నవాణ్ని. అయినా చెరసాల చెరసాలే, ఉత్తరం ఉత్తరమే.

సంఘంలో కొత్తగా చేరినవాళ్లకు తెలియాలి గనక మొదటి నుంచీ చెబుతాను. మన గూడెంలో ఫోను మోగాలంటే పోలీసు క్యాంపు పక్కనున్న గుట్ట ఎక్కాల్సిందే. పోయిన వానాకాలం కాన్పు నొప్పులు పడుతున్న పిల్ల కోసం 108కి ఫోను చేయడానికి ఒకడు గుట్ట ఎక్కి దిగేలోపు ఆ పిల్ల ప్రాణం పోయింది. ఆ పాడె మోసినవాళ్లలో నేనూ ఉన్నాను. పంచాయతీ ఆఫీసు దాకా ఫైబర్ తీగ వచ్చిందని వినగానే మన ఇంటికి లాగించాను. అక్క కొడుకు జస్టిన్‌ను ఖమ్మం పంపి, దుకాణంలో ఉన్నవాటిలో చవకది ఒక వైఫై రౌటరు తెప్పించాను. రెండు కొమ్ముల తెల్ల డబ్బా. మొదట బీరువా వెనక పెడితే గడప కూడా దాటలేదు. ఇనుము అడ్డం పడుతుందట. తీసి కిటికీ పైన అటక మీద పెట్టి, కొమ్ములు నిలువుగా తిప్పి, కరెంటు పోయినా ఆగకుండా చిన్న బ్యాటరీ తగిలిస్తే వీధి చివరి దాకా అందింది. ఫోనులో ఒక్క గీత సిగ్నల్ లేకున్నా ఆ డబ్బా మీదుగా కాల్ పోతుంది. ఆ ఫైబర్ తీగను వెదురు గడల మీద ఎక్కించి కట్టిందెవరో గుర్తుందా? ముసలయ్య కొడుకు రాంబాబే. మన దేవుణ్ని కొలవకపోయినా నా కంచంలో తిన్నవాడు.

డబ్బాకు ఏం పేరు పెట్టాలని జస్టిన్ అడిగితే జీవజలం అని పెట్టమన్నాను. తాళం మాట ఏం పెట్టాలని అడిగితే కోపం వచ్చింది. "బాయికి తాళమేస్తర్రా? మనకు ఊరికెనే వచ్చింది, ఊరికెనే ఇయ్యాలె" అన్నాను. పాస్‌వర్డు లేకుండానే వదిలాడు. గూడెమంతా మన గోడ కింద కూర్చుని తాగింది. అందులో ఒకడు తాగి, బావిలోనే ఉమ్మేశాడు.

ముత్యాలమ్మ కొలుపులో ముసలయ్య భార్య ఎర్రమ్మకు పూనకం వచ్చింది. ఎవడో దాన్ని ఫోనులో తీసి, కోడి అరుపులూ వెకిలి పాటా తగిలించి, దొంగ పేరుతో ఊళ్లన్నీ తిప్పాడు. మన లైను మీద నుంచే వెళ్లిందని పోలీసులు తేల్చారు. అది వినగానే ముసలయ్య మనుషులు వచ్చి మన ప్రార్థన పాకకు నిప్పు పెట్టారు. నేను గడ్డపార అందుకుని ముసలయ్య తల పగలగొట్టాను. సమ్సోనుకు గాడిద దవడ ఎముక దొరికింది, నాకు గడ్డపార దొరికింది. పశ్చాత్తాపం లేదు.

ఆ వీడియో తీసి తిప్పినవాడు రాంబాబు. రోజూ మన గోడకు వీపు ఆనించి కూర్చున్నది వాడే. కన్నతల్లిని ఎవడన్నా నవ్వులపాలు చేసుకుంటాడా అని మీరు అడుగుతారు. అబ్షాలోము కన్నతండ్రి మీదికే కత్తి ఎత్తలేదా? తల్లిని అల్లరి చేసి, నేరం మన నెత్తిన పెడితే, పాక లేపేయవచ్చని వాడి ఎత్తు. దుష్టరాజు వంశాన్ని తుడిచిపెట్టడానికి యెహూ రథం ఎక్కిన రోజు జాలి చూపలేదు. మీలో రథం ఎక్కే మగవాడు ఉన్నాడా అని అడుగుతున్నాను.

బంధకాలలో ఉండి కూడా మీకంటే స్వేచ్ఛగా ఉన్న
యేసుదానం


చర్ల దగ్గర, గూడెం,
జూలై 21, 2025.

తమ్ముడు యేసుదానానికి అక్క విశ్రాంతమ్మ రాసేది. ఇక్కడ అందరమూ క్షేమం అని రాస్తే అబద్ధం అవుతుంది గనక ఆ మాట రాయడం లేదు.

నీ ఉత్తరం అందింది. ఆదివారం చదివాను. కళ్లజోడు కాలు ఒకటి విరిగింది, దారంతో చెవికి కట్టుకుని చదివాను. అక్కడక్కడ అందని చోట దాటేశాను.

ముసలయ్య భద్రాచలం దవాఖానాలో ఉన్నాడు. తలకు కుట్లు పడ్డాయి. కళ్లు తెరుస్తాడు గాని మనిషిని ఆనవాలు పట్టడట. ఎర్రమ్మ మొన్న మన వాకిట్లో నిలబడి గుప్పెడు దుమ్ము తీసి గడప మీద పోసింది. "నా పెనిమిటి నోట్లె మాట పోయింది. మీ దేవుడు మళ్ల ఇస్తడా విశ్రాంతమ్మా?" అంది. తిట్టి ఉంటే తిట్టేదాన్ని. అట్లా అడిగేసరికి చీపురు తీసుకుని దుమ్ము ఊడ్చుకున్నాను.

పోలీసులు నీ ఫోను పట్టుకెళ్లారు. డబ్బాకు ఫొటోలు తీసుకుని దాన్ని అక్కడే వదిలేశారు. అటక మీద కూర్చుని ఆకుపచ్చగా మినుకుమినుకుమంటోంది. పిల్లలు ఇంకా గోడ కిందికి వస్తున్నారు. రాంబాబు మాత్రం రావడం లేదు. పీకి పారెయ్యనా చెప్పు. తాళమన్నా వెయ్యరా అంటే జస్టిన్ "మామ ఒప్పుకోడు" అంటున్నాడు. పాక కాలిన రోజు నుంచీ వాడు సరిగా తినడం లేదు. కంచం ముందు కూర్చుని చెయ్యి కలుపుతాడు, లేచిపోతాడు. నీ మీద బెంగ అనుకుంటున్నాను. చిన్నప్పటి నుంచీ నువ్వంటే వాడికి దేవుడి తరువాత దేవుడు.

పెయ్యదూడకు గాళ్లు తగిలి నోరూ గిట్టలూ పుండ్లు పడ్డాయి. వాన పట్టుకుంది. పాక ఉన్న చోట టార్పాలిన్ కట్టాం, గాలి దాన్ని నిలవనివ్వడం లేదు. నీకు దుప్పటి పంపుతున్నాను. జైల్లో ఎవరితోనూ పెట్టుకోకు.

నీ అక్క
విశ్రాంతమ్మ


ఖమ్మం జైలు,
జూలై 30, 2025.

గుహలో సింహాల మధ్య కూర్చున్నవాడు, ఊళ్లో కుక్కల మధ్య భయపడుతున్నవాళ్లకు రాస్తున్నది.

అక్కా, దుప్పటి అందింది. పెట్టుకోకు అని నువ్వు రాసిన రోజే పెట్టుకున్నాను. ఒకడు నన్ను వైఫై పాస్టరు అని పిలిచాడు. మొదటిసారి ఓర్చుకున్నాను. రెండోసారి కంచం ఎత్తి మూతి మీద కొట్టాను. వాడి తరఫు వాళ్లు నన్ను నేల మీద వేసి తొక్కారు. నాకు పన్ను ఊడింది, వాడికి ముక్కు వంకర పోయింది. ఇప్పుడు పక్కపక్కనే కూర్చుని వాక్యం వింటున్నాడు. ఇనుము ఇనుముతో రాసుకుంటేనే పదునెక్కుతుంది.

నా ఉత్తరం చదివాక సంఘం ఏమంది? నువ్వు దుమ్ము గురించి రాశావు, దూడ గాళ్ల గురించి రాశావు. యెహూ మాట విన్నాక ఎవరి కళ్లు ఎర్రబడ్డాయో రాయలేదు. ఒక్కడూ లేవలేదా? పాక కాలితే చలి కాచుకున్నారా? జస్టిన్ ఒక్కడికే రోషం ఉన్నట్టుంది. అన్నం దిగని కడుపులోనే అగ్ని పుడుతుంది. వాణ్ని ఆపకు.

డబ్బాను పీకకు. తాళం వెయ్యకు. నేను మాట ఇచ్చి తెరిచిన బావి అది. చచ్చిన ఆ పిల్ల పేరున తెరిచాను. ఒక దొంగ కోసం నా మాట వెనక్కి తీసుకోను. దొంగనే తీసెయ్యాలి.

ఈ మాట గట్టిగా చదువు. చెయ్యి అభ్యంతరపెట్టి పాపంలోకి లాగితే దాన్ని నరికి అవతల పారెయ్యమని ప్రభువు చెప్పాడు. ఆ వీడియోను నొక్కి పంపిన చేతికి ఇంకా వేళ్లెందుకు? యాయేలు ఆడది. నిద్రపోతున్న శత్రువు కణతలోంచి గుడారపు మేకు నేలలోకి దిగేదాకా కొట్టింది. మీరు మీసాలున్న మగవాళ్లు, మేకులు కూడా లేవా మీ ఇళ్లలో?

యేసుదానం


గూడెం,
ఆగస్టు 8, 2025.

తమ్ముడికి,

నీకు ఒక మాట చెప్పాలి. కళ్లజోడు బాగానే ఉంది. మొదటి ఉత్తరంలో నీ దీవెన చదివాను, డబ్బా కథ చదివాను, చచ్చిన పిల్ల సంగతి చదువుతుంటే ఆడవాళ్లు ఏడ్చారు. రాంబాబు పేరు దగ్గరికి వచ్చేసరికి కాగితం మడిచేశాను. రెండో ఉత్తరం అయితే ముక్కు వంకర దాకా చదివి, అందరూ నవ్వుతుండగా ఆమేన్ అనేశాను. ఆ తరువాతది చదవలేదు. చదవను కూడా. ఎత్తుకుని పెంచిన తమ్ముడివి గనక చెబుతున్నాను, నీ నోట్లో నిప్పు ఉంటే మాకు పాకలు మిగలవు.

ఇక్కడ నిప్పు లేకుండానే కాలుతోంది. పోయిన వారం బోరింగు దగ్గర బిందెల కాడ మాటా మాటా వచ్చింది. అటు వైపు పిల్లగాడు రాయి విసిరితే నా నుదురు చిట్లింది. రక్తం చూసి జస్టిన్ కొడవలి తీసుకుని ఉరికాడు. నడుము పట్టుకుని వేలాడాను. ఈడ్చుకుంటూ పోయాడు, మోకాళ్లు తోలు లేచాయి గాని వదల్లేదు. "ఇడువు అమ్మా, ఆళ్లే జేసిండ్రు, ఆళ్లే" అని అరుస్తూనే ఉన్నాడు. వాడు అట్లా అరవడం నేను ఎన్నడూ వినలేదు.

ఎర్రమ్మకు జ్వరం. మలేరియా అన్నారు. రాంబాబు ఒక్కడే ఇక్కడ తల్లికీ, భద్రాచలంలో తండ్రికీ మధ్య తిరిగి తిరిగి చీపురుపుల్ల అయ్యాడు. నువ్వు కొట్టిన తలకు నేను కొన్నాళ్లు కాపలా కూర్చుంటానని వెళ్లి అడిగాను. వాడు నా మొహం చూడలేదు. లోపలికి పోయి తండ్రి టిఫిన్ డబ్బా కడిగి తెచ్చి నా చేతిలో పెట్టాడు. తల్లిని నవ్వులపాలు చేసిన కొడుకు ఆ డబ్బా అంత తెల్లగా తోముతాడా? నాకైతే నమ్మకం కుదరడం లేదు.

రేపు చర్ల బస్సుకు భద్రాచలం పోతున్నాను. ఆదివారం ప్రార్థన జస్టిన్‌ను నడిపించమన్నాను. నువ్వు అక్కడే రాసుకో, అక్కడే చించుకో.

విశ్రాంతమ్మ


ఖమ్మం జైలు,
ఆగస్టు 13, 2025.

విశ్రాంతమ్మకు.

ఈ ఉత్తరం పైన నీ పేరుంది గాని ఇది నీకు కాదు. బెయిలు మీద పోతున్న మోతీలాల్ చేత పంపుతున్నాను. గూడెం దాకా వెళ్లి జస్టిన్ చేతికే ఇవ్వాలని ఒట్టు వేయించుకున్నాను. నువ్వు నా మాటను మడిచావు. ప్రవక్త మాట రాసిన చుట్టను కోసి కుంపట్లో వేసిన రాజు ఏమయ్యాడో నీకు తెలుసు. నన్ను ఎత్తుకుని పెంచావు, నిజమే. మోషేను కూడా అక్కే కాపు కాసింది, తరువాత అక్కే ఎదురు మాట్లాడింది. ఆమెకు కుష్ఠు పట్టింది.

శత్రువు గిన్నె మోసుకుంటూ వాడి మంచం కాళ్ల దగ్గర కూర్చున్నావు. కూర్చో.

జస్టిన్, అల్లుడా, ఆదివారం నిలబడి ఒక్క మాట వదలకుండా చదువు. పేరు కూడా చదువు. ముసలయ్య కొడుకు రాంబాబు. వాడి కుడిచెయ్యి మన పాకను కాల్చింది. ఆ చెయ్యి వాడికి ఉండకూడదు. ప్రాణం తియ్యమని చెప్పడం లేదు, చెయ్యి తియ్యమంటున్నాను. ఎవరు వస్తారో వాళ్లు నా వాళ్లు. ఎవరు రారో వాళ్లు ఇంకెప్పుడూ నా ప్రార్థనలో ఆమేన్ అనవద్దు.

మామ
యేసుదానం


భద్రాచలం, దవాఖానా వరండా,
ఆగస్టు 19, 2025.

తమ్ముడూ,

నువ్వు రాసింది జరిగింది.

నేను చూడలేదు. చూసినవాళ్లు చెప్పింది రాస్తున్నాను. ఆదివారం టార్పాలిన్ కింద జస్టిన్ నీ ఉత్తరం చదివాడు. ఒక్క మాట వదల్లేదు. గొంతు అచ్చం నీ గొంతులాగే ఉందని మన వాళ్లు మెచ్చుకున్నారట. ఆమేన్ అన్నాక నలుగురైదుగురు లేచారు. రాంబాబు తల్లికి జావ కాస్తున్నాడు. జుట్టు పట్టుకుని పొయ్యి దగ్గర నుంచి ఈడ్చారు. కుండ పగిలి మరిగే జావ వాడి తొడ మీద పడింది. వాడి ఇంటి గడప మీదే కుడిచెయ్యి చాపి, ఒకడు మోచేయి తొక్కి పట్టాడు. నరకడానికి ఎవరికీ మనసు రాలేదో, ధైర్యం రాలేదో. గొడ్డలి తిరగేసి వెనక వైపుతో కొట్టారు. వేళ్లు పచ్చి వెదురు చితికినట్టు చితికాయట. గొడ్డలి పట్టింది జస్టిన్.

ఎర్రమ్మ జ్వరంతో లేచి, కొడుకు ఫోను పట్టుకుని, ఎక్కడికి ఉరికిందనుకున్నావు? మన గోడ కిందికి. నీ కిటికీ కిందికి. గుట్ట ఎక్కే ఓపిక లేదు. అక్కడ నిలబడి 108కి చేసింది. తాళం లేదు గనక కాల్ పోయింది. కొట్టినవాళ్లు ఇంకా వాకిట్లోనే ఉన్నారట, ఆపడానికి ఒక్కడికీ చెయ్యి రాలేదు. నీ జీవజలం పని చేసింది తమ్ముడూ. ఆ మాట నీకు దక్కాలి గనక రాస్తున్నాను. రక్తం పోయి వాడు చచ్చేవాడే.

నేను ముసలయ్య మూతి తుడుస్తుండగా కొడుకును అదే వార్డులోకి తెచ్చారు. ముసలయ్య అంతవరకూ ఎవరినీ ఆనవాలు పట్టలేదు. రాంబాబును చూసి నోరు తెరిచి ఒక శబ్దం చేశాడు. మాట కాదు. ఆ శబ్దం నా చెవిలోంచి పోవడం లేదు.

ఎర్రమ్మ నా మీద పడి కొట్టింది. కొట్టనిచ్చాను. అలిసిపోయాక కూలబడి, ఫోను నా మొహం మీదికి తోసి, "సూడు. దీని కోసమేగా. నన్ను గిట్ల జేసింది నా కొడుకే అంటవా? సూడు" అంది. ఆ వీడియో నేను అంతవరకూ చూడలేదు. ఒకరి అమ్మతల్లిని ఎగతాళి చేసింది నేనెందుకు చూడాలని చూడలేదు. ఊరంతా చూసింది, పోలీసులు చూశారు. అందరూ ఎర్రమ్మ ఆటనే చూశారు. నేను ఆమె మొహం చూడలేక పక్కకు చూశాను. బొమ్మ అంచున ఒక కిటికీ ఊచ ఉంది. దానికి నీలం నైలాను తాడు కట్టి ఉంది. దూడ కుమ్మి ఊచ ఊడిపోతే ఆ తాడు కట్టింది నేను. ఆ ముడి నాది. అది మన ఇంటి కిటికీ, లోపల దాని కింద పడుకునేది జస్టిన్. వీధిలో ఆడుతున్న ఎర్రమ్మను ఆ ఊచల వెనక నుంచే తీశారు.

ఫోను తిరిగి ఇచ్చేశాను. ఎర్రమ్మకు ఏమీ చెప్పలేదు. బయటికొచ్చి ఈ వరండాలో కూర్చున్నాను.

నరికి పారెయ్యమని రాశావే, ఆ వాక్యం నాకు కూడా వచ్చు. నీ కుడిచెయ్యి అని ఉంది అక్కడ. వాడి కుడిచెయ్యి అని లేదు. ఇన్నేళ్లు చదివి నీకు ఆ ఒక్క మాట కనబడలేదా? చెయ్యి మన ఇంటిదే. నా కడుపులోంచి వచ్చిందే.

రేపు పొద్దున బస్సుకు గూడెం పోతున్నాను.

విశ్రాంతమ్మ


ఖమ్మం జైలు,
ఆగస్టు 25, 2025.

అక్కా, అక్కా,

దీన్ని పోస్టులో వెయ్యడం లేదు. ములాఖత్‌కు వచ్చినవాడి చేత పంపుతున్నాను. నీ ఉత్తరం చదివినప్పటి నుంచీ పడుకోలేదు, ఎవరికీ వాక్యం చెప్పలేదు. ఆ ముక్కు వంకరవాడు వచ్చి, ఇయ్యాల చదవవా పాస్టరూ అని అడిగితే గోడ వైపు తిరిగాను.

నువ్వు పొరపడి ఉంటావు. నైలాను తాడు ఎవరింట్లో ఉండదు? పొరపడకపోతే, విను. వాడు పిల్లవాడు. నవ్వులాటకు చేసి ఉంటాడు. తరువాత భయపడి ఉంటాడు. అన్నం దిగనిది అందుకే. నేను అగ్ని అనుకున్నాను, అది భయం. వాడికి మీసాలు వచ్చినప్పుడు మొదటి బ్లేడు కొనిచ్చింది నేను. వాణ్ని ఎక్కడికన్నా పంపించు. ఇల్లందులో నాతో పాటు బస్తాలు మోసిన బసవపున్నయ్య ఉన్నాడు, వాడి దగ్గర దాక్కోమను. అక్కడి నుంచి ఇంకా దూరం పంపుతాడు. పొరపాటున రక్తం చిందించినవాడికి ఆశ్రయపురాలు ఏర్పాటు చేసింది దేవుడే. దయ కూడా వాక్యమే అక్కా. తప్పిపోయిన కొడుకును తండ్రి పరుగెత్తుకుంటూ పోయి మెడ కౌగలించుకున్నాడు, స్టేషనుకు తీసుకుపోలేదు.

రాంబాబు చేతి సంగతి నేను వచ్చాక చూసుకుంటాను. వాడు బతికాడుగా. ఎవడు చేశాడో తెలియదు అను. ఎర్రమ్మకు చెప్పలేదు గదా, ఇక చెప్పకు.

ఈ ఉత్తరం సంఘంలో చదవకు. ఎవరికీ చూపకు. చదవగానే పొయ్యిలో పెట్టు. నీ కాళ్లు పట్టుకుంటున్నాను.

తమ్ముడు


గూడెం,
సెప్టెంబర్ 2, 2025.

తమ్ముడు యేసుదానానికి అక్క విశ్రాంతమ్మ రాసేది.

నీ ఉత్తరం శనివారం అందింది. ఆదివారం చదివాను. ఈసారి ఒక్క మాట వదల్లేదు. పొయ్యిలో పెట్టు అన్నది కూడా చదివాను. మొదటిసారి నువ్వు చెప్పినట్టు నిలబడి, అందరికీ వినబడేట్టు. ఎర్రమ్మను పిలిచాను. టార్పాలిన్ కిందికి రానంది. తాడు అవతల వానలో నిలబడి విన్నది. వాడు బతికాడుగా అన్న చోట మన వాళ్లలో గొడ్డలి వెంట పోయినవాళ్లు తలలు దించుకున్నారు. ఎర్రమ్మ దించుకోలేదు. నా వైపే చూస్తూ నిలబడింది. ఉత్తరం అయిపోయాక ఎవరూ ఆమేన్ అనలేదు. నేనూ అనలేదు.

నీ ఉత్తరం వచ్చేసరికే జస్టిన్ ఇంట్లో లేడు. నేను బస్సు దిగిన రోజు వాడు మంచం మీద మోకాళ్లలో తల పెట్టుకుని కూర్చున్నాడు. కిటికీ ఊచ మీద చెయ్యి వేసి నిలబడ్డాను. వాడే చెప్పాడు.

"నవ్వుకుంటరని పెట్టినమ్మా. గింతే. ఇట్లయితదని నాకేం ఎరుక."

"రాంబాబు చెయ్యేం జేసిందిరా?"

"అందరు ఆడే అన్నరు. ఆడే అయితే బాగుండనిపించింది."

"గొడ్డలెందుకు పట్టినవ్?"

"మామ రాసిండు గదా."

నువ్వు రాసిన వాటిల్లో వాడికి గుర్తున్నది అదొక్కటే. ఆ ఒక్క మాట వాడు తప్పించుకోవడానికి చెప్పలేదు. నువ్వు చెబితే నూతిలో దూకేవాడు, అట్లా చెప్పాడు.

అన్నం వండి పెట్టాను. అప్పుడు తిన్నాడు, చాలా రోజుల తరువాత. తిన్నాక చెయ్యి పట్టుకున్నాను, కుడిచెయ్యి. విడిపించుకోవాలని ఒకసారి లాగాడు. నేను ముసలిదాన్ని, గట్టిగా లాగితే పడిపోయేదాన్ని. లాగలేదు. బస్సులో పోలీసు స్టేషను వచ్చేదాకా నా భుజం మీద తల పెట్టుకుని నిద్రపోయాడు. వీడియో సంగతి, గొడ్డలి సంగతి వాడి నోటితోనే చెప్పాడు. వెళ్లినవాళ్ల పేర్లు కూడా చెప్పాడు. మామ పేరు మాత్రం చెప్పనని మొండికేశాడు. నీ ఉత్తరం నేనే పోలీసులకు ఇచ్చాను, మోతీలాల్ తెచ్చింది. నరికి పారెయ్యమన్నావు తమ్ముడూ. పారేశాను. నొప్పి ఎట్లా ఉంటుందో ఇంక నువ్వు ఉత్తరంలో రాయనక్కర్లేదు.

తీసుకుపోయే ముందు వాణ్ని ఖమ్మానికే పంపుతామన్నారు. నీ దగ్గరికే రావచ్చు. వస్తే వాక్యం చెప్పకు. కొట్టకు, కౌగలించుకుని ఏడవకు. పక్కన కూర్చుని తింటున్నాడో లేదో చూడు.

రాంబాబుకు మూడు వేళ్లు తీసేశారు. ముసలయ్యను ఇంటికి తెచ్చారు, కూర్చోబెడితే కూర్చుంటాడు. ఎర్రమ్మ నన్ను క్షమించలేదు. నేను అడగలేదు కూడా. రోజూ జావ పోసిన గిన్నె వాళ్ల అరుగు మీద పెట్టి వస్తాను. మర్నాడు కడిగి బోర్లించి ఉంటుంది.

ఇక డబ్బా సంగతి. పీకెయ్యాలని అటక ఎక్కాను. కొమ్ము పట్టుకునేసరికి, ఆ రోజు ఎర్రమ్మ ఆ గోడ కింద నిలబడి చేసిన కాల్ గుర్తొచ్చింది. చచ్చిన పిల్ల కూడా గుర్తొచ్చింది. పీకలేకపోయాను. అట్లాగని తెరిచి వదిలెయ్యలేను. దిగి ఎర్రమ్మ అరుగు దగ్గరికి పోయి, తాళం వేసుకుందాం రమ్మన్నాను. ఆమె లోపలికి పోయి కొడుకును లేపింది.

రాంబాబు మన ఇంట్లో అడుగు పెట్టలేదు. గోడ కింద, వాడు ఎప్పుడూ కూర్చునే చోటే కూర్చున్నాడు. నాతో మాట్లాడడు. వాడు తల్లికి చెబుతాడు, తల్లి కిటికీలోంచి నాకు చెబుతుంది. డబ్బా తిరగేసి కింద అంటించిన కాగితం మీది అంకెలు చదవమన్నాడు, చదివాను. వాటితో ఫోనులో ఏదో పేజీ తెరిచాడు, ఎడమచేత్తో. అలవాటు లేని చెయ్యి, ప్రతిదీ రెండుసార్లు తప్పు నొక్కుతున్నాడు. ఒకసారి విసుగుతో కట్టు కట్టిన చెయ్యి పైకి వచ్చింది. దాన్ని చూసుకుని కిందికి దించాడు. నేను డబ్బా ఒళ్లో పెట్టుకుని అటే చూస్తూ ఉన్నాను. పేరు మార్చాలా అని తల్లి చేత అడిగించాడు. ఉండనీ అన్నాను. జీవజలం అనే ఉంది.

ముందు ఇంటింటికీ ఒక ఫోనులో రాంబాబే తాళం మాట ఎక్కించి ఇచ్చాడు, మన వాళ్లవీ వాళ్లవీ. ఆపద వస్తే ఎవరూ ఎవరినీ అడగనక్కర్లేదు. కొత్త ఫోను వస్తే మాత్రం అడగాలి. ఆ మాట రెండు ముక్కలు. మొదటి ముక్క నేను కాగితం మీద రాసి మడిచి రాంబాబుకు అందించాను, ఎర్రమ్మకు చెప్పలేదు. రెండోది ఎర్రమ్మ పెట్టింది, నాకు చెప్పలేదు. రాంబాబుకు రెండూ తెలుసు, వాడు చెప్పడు.

నీ ఫోను పోలీసుల దగ్గరే ఉంది గదా. ఎప్పటికో ఒకప్పటికి బయటికి వస్తావు, కొత్తది కొనుక్కుంటావు. నీ ఇంట్లో, నువ్వు తెచ్చిన డబ్బాయే నిన్ను ఎరగనంటుంది. నా ముక్క నేను చెబుతాను, అక్కను గదా. రెండో ముక్క కోసం ఎర్రమ్మ వాకిట్లో నిలబడి అడగాలి. ఆమె ఇస్తుందో ఇవ్వదో నాకు తెలియదు.

నీ అక్క
విశ్రాంతమ్మ